సోషల్ పీరియడ్ లాక్కున్నాక ప్రపంచాన్ని ఎప్పుడు చెప్పాలి?



సర్కారు బడి పిల్లలకు అంతర్జాతీయ చదువులు దండగ, ముందు ఎక్కాలు నేర్పితే చాలు అంటూ ఆదివారం మీరు అచ్చేసిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్లకు తేవాలనుకున్న ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) చదువు ఆగిపోవడమే అందుకు రుజువట! 2024 జనవరి 31న ఒప్పందం కుదిరింది. 2025 జూన్‌లో ఒకటో తరగతితో మొదలుపెడదామనుకున్నారు. ఈలోగా ప్రభుత్వం మారింది. ఒక్క పిల్లాడూ చదవని చదువు పనికిరాదని ఎలా తేల్చారు? అమెరికాలో ఐబీ చెప్పే బళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ బళ్లేనన్న సంగతి ఆ వ్యాసకర్తకు తెలియదా?

నేను సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నేను చెప్పిన పదో తరగతి పుస్తకంలోనే రెండు ప్రపంచ యుద్ధాలు, చైనా, వియత్నాం, నైజీరియా పోరాటాలు ఉండేవి. పాఠాలకు కొదవ లేదు, చెప్పనిస్తే కదా! సంక్రాంతి సెలవులు దాటాయంటే నా పీరియడ్ లెక్కలకు పోయేది. సోషల్ ఇంట్లో చదువుకుంటారులే అనేవారు. ఎలక్షన్ డ్యూటీ అనగానే మాత్రం సోషల్ సారే గుర్తొచ్చేవాడు.

ఒకసారి వియత్నాం పాఠం సగంలో ఉండగా ఒక పిల్ల లేచి, ‘దుబాయ్‌ల మా నాయన పాస్‌పోర్టు కంపెనోళ్లు తీస్కొని పెట్టుకున్నరట సార్, అట్ల పెట్టుకోవచ్చా?’ అని అడిగింది. పెట్టుకోకూడదు, అక్కడి చట్టమే ఒప్పుకోదు అన్నాను. క్లాసంతా నిటారుగా కూర్చుంది. గల్ఫ్‌లో చమురు, కరీంనగర్, నిజామాబాద్ వలసలు, ఎంబసీ చేయాల్సిన పని, అన్నీ ఆ ఒక్క ప్రశ్న నుంచే చెప్పొచ్చు. అంతలో లెక్కల సారు గుమ్మంలో నిలబడ్డారు. పై వారం కూడా ఆ పీరియడ్ నాకు దక్కలేదు. లక్షల ఫీజు కట్టే ఇంటి పిల్లలకు ప్రపంచం సెలవుల్లో చూసొచ్చే చోటు. ఈ పిల్లకు అది తండ్రి కూలి చేసే చోటు. ఆ చదువు ఎవరికి ముందు కావాలి?

మీ పత్రికనూ అడగాలి. విదేశీ వార్తల పేజీ కత్తిరించి క్లాసు గోడకు అంటించేవాణ్ణి. ఇప్పుడా పేజీ ఓ మూలకు కుంచించుకుపోయింది, మిగతాదంతా సినిమా. గల్ఫ్‌లో కార్మిక చట్టం మారితే మా చిలకలగూడ పిల్లలకు ఎవరు చెప్తారు?

తెలంగాణలో కడుతున్న యంగ్ ఇండియా గురుకులాలకు అంతర్జాతీయ ప్రమాణాలంటున్నారు. అక్కడైనా, పాత హైస్కూళ్లలోనైనా పదో తరగతి సోషల్ పీరియడ్‌ను ఇంకో సబ్జెక్టుకు మళ్లించకూడదని విద్యాశాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ వ్యాసానికి ఇచ్చినంత చోటు ఈ డిమాండుకూ మీరివ్వాలి.

– ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయుడు,
చిలకలగూడ, సికింద్రాబాద్