గిల్టు నగకు దక్కిన గౌరవం

1953 జనవరి 20 రాత్రి. వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుని పదవీ స్వీకారోత్సవ విందునృత్యం జరుగుతున్నది. గులాబీరంగు గౌనులో అడుగుపెట్టిన మేమీ ఐసెన్‌హోవర్ మెడలోని ముత్యాలు ఏ కడలిలోనూ పుట్టినవి కావు. అవి న్యూయార్క్‌కు చెందిన ట్రిఫారీ సంస్థ చేసిన గిల్టు నగలు! అటువంటి వేడుకలో అధ్యక్షుని భార్య కృత్రిమాభరణాలు ధరించడం అదే ప్రథమమని చెబుతారు.

ఈ సంస్థకు మూలపురుషుడు గుస్తావో ట్రిఫారీ. నేపుల్స్‌లో తాతగారి కంసాలి దుకాణంలో పని నేర్చి, 1904లో అమెరికా చేరాడు. తరువాత లియో క్రుస్‌మన్, కార్ల్ ఫిషెల్ భాగస్వాములైనారు. పనితనం గుస్తావోది, అమ్మే నేర్పు మిగిలిన ఇద్దరిది. 1930లో ఫ్రెంచి రూపశిల్పి ఆల్‌ఫ్రెడ్ ఫిలిప్ చేరడంతో సంస్థ దశ తిరిగింది. కార్టియే వంటి ప్రఖ్యాత సంస్థల కోసం అసలు రత్నాలు పొదిగిన చేయి అతనిది. గాజురాళ్లను సైతం అతడు అదే శ్రద్ధతో పొదిగాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో మామూలు లోహాలు ఆయుధాలకు మళ్లగా, నగలను వెండితో చేయవలసి వచ్చింది. యుద్ధానంతరం మళ్లీ చౌక లోహానికి దిగితే, వెండికి అలవాటుపడినవారు కొంటారా? సంస్థ తన మిశ్రలోహానికి ‘ట్రిఫానియం’ అనే ఘనమైన పేరు పెట్టింది. మాటిమాటికీ మెరుగు పెట్టే శ్రమ లేదని చాటింది. జనం కొన్నారు.

అసలు పరీక్ష అటుపైన ఎదురైంది. ట్రిఫారీ నమూనాలకు ఇతరులు నకళ్లు తీసి చౌకగా అమ్మసాగారు. అనుకరణ నగలు చేసేవారికి, తమను అనుకరించరాదని అడిగే హక్కు ఉంటుందా? సంస్థ న్యాయస్థానానికెక్కింది. గిల్టు నగ కూడా కళాసృష్టి కావచ్చునని, దానికి కాపీరైటు రక్షణ చెల్లునని 1955లో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. విలువ రాయిలోనే కాదు, రూపకల్పనలోనూ ఉన్నదని చట్టం ఒప్పుకున్నట్లయింది.

స్థాపకుల అనంతరం వారి కుమారులు వ్యాపారాన్ని నడిపారు. 1975లో అది హాల్‌మార్క్ సంస్థ పరమైంది. ఆపైన మరికొన్ని చేతులు మారింది. నేటికీ పాత నగలు సేకరించేవారు ట్రిఫారీ నగ దొరికితే ముందుగా చూసేది దాని ముఖం కాదు, వీపు. అక్కడ కిరీటం గుర్తు పక్కన చిన్న కాపీరైటు ముద్ర కనిపిస్తే, అది తీర్పు తరువాతి కాలపు నగ అని గుర్తిస్తారు.