మందు ఆగకూడదు... ఇల్లు దూరం కాకూడదు

సంతోష్‌నగర్‌లో సిటీ బస్సు ఎక్కి, కండక్టరుకు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం ఇప్పుడు మన ఇళ్లలోని ఆడవాళ్లకు అలవాటైపోయిన పని. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం మహిళలకే కాదు, ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా వాడుకోవడం అంత తేలిక కాదు. హార్మోన్ల వైద్యం మొదలుపెట్టి ఏడెనిమిది నెలలైన ఒక ట్రాన్స్ మహిళను ఊహించుకోండి. కార్డు మీద మీసంతో పాత ఫోటో, పుట్టినప్పుడు పెట్టిన మగపేరు. ఎదురుగా చుడీదార్‌లో, జుట్టు ముడివేసుకున్న మనిషి. కండక్టరు ఒకసారి కార్డు, ఒకసారి ముఖం చూస్తారు. వెనక సీట్లోంచి ఎవరో నవ్వుతారు. ఈ గొడవకంటే టికెట్ డబ్బులు ఇచ్చేయడమే నయమనిపిస్తుంది. ఇలాంటి చిన్న చిన్న లెక్కలతోనే ఆమె రోజు గడుస్తుంది.

మగబిడ్డ అని అందరూ అనుకున్న వ్యక్తి తాను స్త్రీనని గుర్తించి, ఆ ప్రకారం బతకడానికి చేసుకునే మార్పే ట్రాన్సిషన్. సినిమాలు చూసి ఇదేదో ఒక్క ఆపరేషన్‌తో తెల్లారేసరికి అయిపోయేదనుకుంటాం. నిజానికి ఏళ్ల తరబడి సాగే నెమ్మది పని ఇది. కొందరు ఆపరేషన్ దాకా వెళ్లరు. కొందరు హార్మోన్లూ వాడరు. దీంట్లో ఆసుపత్రిలో గడిచేది చాలా తక్కువ. మిగతాదంతా ఇంట్లో, గల్లీలో, ఆఫీసులోనే. మీ ఇంట్లోనో, మీ చుట్టాల ఇంట్లోనో ఒక బిడ్డ ఈ మాట చెప్పిన రోజున మీరు భయపడేది మందులకు, ఆపరేషన్‌కు. భయపడాల్సింది ఇంకోదానికి. డాక్టరు చూపు లేకుండా వాడే మందు ప్రమాదం. మధ్యలో ఆగిపోయే వైద్యం ప్రమాదం. ఈ రెంటికీ దారితీసేది చాలాసార్లు ఇల్లు పోవడమే.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ఇది జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల విభాగం నుంచి తీసేసింది. లైంగిక ఆరోగ్యం కిందికి మార్చింది. పూర్తిగా ఎందుకు తీసేయలేదంటే, జాబితాలో లేకపోతే వైద్యమూ బీమా అందవని. మన దేశంలోనైతే, 'మార్చి మామూలుగా చేస్తాం' అంటూ చేసే కన్వర్షన్ థెరపీని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కాబట్టి అలా హామీ ఇచ్చే డాక్టరు దగ్గరికి మీ బిడ్డను తీసుకెళ్లకండి. బాబాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక వైద్యం. సాధారణంగా మానసిక వైద్యుల అంచనా తర్వాత ఎండోక్రినాలజిస్టు రెండు రకాల మందులు రాస్తారు. ఒకటి ఈస్ట్రోజెన్, రెండోది టెస్టోస్టెరాన్ పని తగ్గించే మందు. మొదటి కొన్ని నెలల్లో లైంగిక వాంఛ తగ్గడం, చర్మంలో జిడ్డు తగ్గడం కనిపిస్తాయి. మూడు నుంచి ఆరు నెలల మధ్య రొమ్ములు పెరగడం మొదలై, పూర్తి రూపానికి రెండు మూడేళ్లు పడుతుంది. కొవ్వు తుంటి వైపు చేరడమూ అంతే నిదానం. అచ్చం యుక్తవయసులో ఆడపిల్లకు జరిగినట్టే, రొమ్ముల్లో నొప్పి, మనసు ఒక రోజు ఒకలా ఇంకో రోజు ఇంకోలా ఉండటం మామూలే. ఇరవై అయిదేళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, ఎవరికీ చెప్పుకోలేక రెండోసారి యవ్వన దశ దాటడం ఎంత కష్టమో ఊహించుకోండి.

హార్మోన్లు చేయలేనివీ ఉన్నాయి. ఒకసారి బొంగురుపోయిన గొంతు మాత్రలతో సన్నబడదు. దానికి స్పీచ్ థెరపిస్టు దగ్గర నెలల సాధన కావాలి. అప్పటిదాకా ఫోన్ ఎత్తిన ప్రతిసారీ అవతలి నుంచి 'సార్' అనే పిలుపే. గడ్డం పెరగడం నెమ్మదిస్తుంది తప్ప పోదు. లేజర్ కావాలంటే చర్మవైద్యుల దగ్గరికే వెళ్లాలి, కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు. చామనచాయ, నలుపు చర్మానికి సరిపోని లేజర్ వాడితే కాలి మచ్చలు పడతాయి. వీధి చివరి పార్లర్లో చవకగా చేస్తున్నారని వెళ్లకూడదనేది అందుకే.

మందుల్లో మన ఇళ్లలో జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. టెస్టోస్టెరాన్‌ను అదుపు చేయడానికి ఎక్కువగా రాసే మందుల్లో స్పైరనోలాక్టోన్ ఒకటి. నిజానికి ఇది బీపీ మందు. మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది, రక్తంలో పొటాషియం పెంచుతుంది. వేసవిలో నీరసంగా ఉందని రోజూ రెండు కొబ్బరి బోండాలు తాగించడం, బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు వాడటం మనకు ఆరోగ్యకరమైన అలవాట్లే. ఈ మందు వాడేవాళ్లకు మాత్రం డాక్టరును అడిగాకే. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

మూత్రం సంగతి ఇంకా గట్టిది. ఈ మందు వేసుకున్న మనిషికి తరచూ వెళ్లాల్సి వస్తుంది. కానీ ఎక్కడికి? మగవాళ్ల టాయిలెట్‌లోకి వెళితే వేధింపులు, ఆడవాళ్ల దాంట్లోకి వెళితే కేకలు. అందుకని పొద్దున్నే ఇంట్లో బయల్దేరేటప్పుడే నీళ్లు మానేస్తారు. ఐఎస్ సదన్ దగ్గర మే నెల ఎండలో గంటసేపు ట్రాఫిక్‌లో ఉండి చూసినవాళ్లకు అదెంత ప్రమాదమో వేరే చెప్పాలా? మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, రాళ్లు, కళ్లు తిరగడం. మందు చీటీలో ఎక్కడా రాయని దుష్ప్రభావం ఇది. మీకు దుకాణమో, క్లినిక్కో, ఆఫీసో ఉంటే, లోపలి టాయిలెట్ వాడుకోమనడానికి ఒక్క మాట చాలు.

మొదటి ఏడాది దాదాపు మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించాలి. హార్మోన్ల మోతాదు, పొటాషియం, మూత్రపిండాలు, కాలేయం చూస్తారు. తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. ఇది పాటించినవాళ్లలో వైద్యం చాలావరకు సురక్షితం. పాటించడానికి వీల్లేని వాళ్లు ఏం చేస్తారో తెలుసా? మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని, త్వరగా మారాలని రోజుకు రెండు మూడు మింగుతారు. వాటిలో ఉండే ఎథినైల్ ఈస్ట్రాడియోల్ రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఎక్కువ ఉన్నది. నెదర్లాండ్స్ వైద్యులు 816 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు పరిశీలించి 1997లో ప్రచురించారు. అప్పట్లో వాడిన మందు ప్రధానంగా ఇదే. సిరల్లో గడ్డలు మామూలు జనంలో కంటే 20 రెట్లు ఎక్కువ కనిపించాయి. ఆ తర్వాత చికిత్సా పద్ధతుల్లోంచి దీన్ని తప్పించారు. మన మందుల దుకాణంలో మాత్రం చీటీ అడిగేవాళ్లే ఉండరు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మాత్రలు వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. సిగరెట్ అలవాటుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడే 2025 నాటి వార్తల్లోకి వెళ్లాలి. నారాయణగూడలో 2021 జనవరిలో 'మిత్ర్' క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు వాళ్లే నడిపే సమగ్ర వైద్యకేంద్రం దేశంలో అదే మొదటిది. హార్మోన్ల సలహా, మానసిక సాయం, హెచ్‌ఐవీ వైద్యం, చట్టపరమైన సలహా అన్నీ ఒకే చోట. డబ్బు అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ది. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో కొత్త ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే ఇక్కడ తలుపులు మూతపడ్డాయి. పుణె, కల్యాణ్‌లలోని క్లినిక్‌లదీ అదే గతి. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్ క్లినిక్ 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. సంతోషమే. కానీ మధ్యలో ఆ నెలల్లో మూడో రక్తపరీక్ష తేదీ దాటిపోయినవాళ్ల సంగతి? హార్మోన్లు హఠాత్తుగా మానేస్తే పాత లక్షణాలు కొన్ని తిరిగొస్తాయి, మనసు కుంగిపోతుంది. వృషణాలు తొలగించే ఆపరేషన్ అయినవాళ్లలోనైతే ఏ హార్మోనూ లేక ఎముకలు గుల్లబారతాయి. షుగర్ రోగికి ఇన్సులిన్ ఇచ్చే ఏకైక ఆసుపత్రిని ఒక ఉత్తర్వుతో మూసేస్తే మనం ఊరుకుంటామా?

రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో 33 'మైత్రి' ట్రాన్స్ క్లినిక్‌లను ప్రారంభించింది. జిల్లాకొకటి. దిశ సరైనదే. విదేశీ విరాళం మీద కాకుండా సర్కారు ఆసుపత్రిలో నడిచే వైద్యమే నిలుస్తుంది. అయితే బోర్డు చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు అడగాలి. ఎండోక్రినాలజిస్టు వారంలో ఏ రోజు వస్తారు? హార్మోన్ మందులు ఆసుపత్రి ఫార్మసీలోనే దొరుకుతాయా? రక్తపరీక్ష అక్కడే చేస్తారా? మూడింటికీ జవాబు ఉన్న చోటే క్లినిక్ ఉన్నట్టు. ఆపరేషన్ల ఖర్చు సహా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా బీమా ఇచ్చే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్‌కు కేంద్రం 2022 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవడం మంచిది.

అడిగే దిక్కు లేకపోతే ఏమవుతుందో 2022 ఫిబ్రవరిలో నెల్లూరు చూసింది. ఆపరేషన్ కోసం తపించిన 28 ఏళ్ల మనిషికి ఇద్దరు బీ ఫార్మసీ విద్యార్థులు లాడ్జి గదిలో, యూట్యూబ్ చూసి, కోత పెట్టారు. రక్తస్రావంతో ప్రాణం పోయింది. ఆ ఇద్దరిని అరెస్టు చేశారు. అంతటితో కేసు సంగతి తెలిసింది కానీ, ఒక మనిషి లాడ్జి గదిలో ఆ బల్ల మీదికి ఎందుకు చేరాడన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

కాగితాల విషయానికొస్తే, 2019 చట్టం, 2020 నిబంధనల ప్రకారం జిల్లా కలెక్టరు ధ్రువపత్రం ఇస్తారు. జాతీయ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2020 నిబంధనల్లో మొదటి పత్రానికి శారీరక పరీక్ష అడగలేదు, ప్రమాణపత్రం చాలన్నారు. వైద్యం జరిగాక, స్త్రీ అని మార్చుకోవడానికి ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇచ్చే పత్రం జతచేయాలి. దాంతో ఆధార్ మారుతుంది. ఆధార్ మారితే బ్యాంకు, అద్దె ఒప్పందం, బస్సు అన్నీ కదులుతాయి. ఇదే నగరంలో ఒకప్పుడు కాగితం అంటే వేరే అర్థం. నిజాం కాలంలో 1919 నాటి చట్టం హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టించింది. వీధిలో ఆడవేషంతో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గానీ కొట్టేయలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్ల చూపులో ఇంకా ఆ భయం ఉందంటే ఆశ్చర్యమేముంది?

ఇంట్లో మొదటి చిక్కు భాషతోనే వస్తుంది. సంతోష్‌నగర్‌లో సగం మాట తెలుగు, సగం ఉర్దూ. ఉర్దూలో తన గురించి తాను చెప్పుకునేటప్పుడే 'గయా' అనాలా 'గయీ' అనాలా తేల్చుకోవాలి. తెలుగులో 'వెళ్లాను' అంటే చాలు, ఆడా మగా బయటపడదు. తేల్చాల్సింది మనం: 'వెళ్లాడు' అంటామా, 'వెళ్లింది' అంటామా అని. ఇరవై ఏళ్లు 'మావాడు' అన్న తల్లికి నాలుక వెంటనే తిరగదు. అప్పటిదాకా మన భాషలోనే ఒక సర్దుబాటు ఉంది. 'వచ్చారా, తిన్నారా' అనే మర్యాద వాడుకకు ఆడా మగా తేడా లేదు. కొత్త పేరుతో పిలవండి, తప్పితే దిద్దుకోండి, గంటసేపు క్షమాపణలు అక్కర్లేదు.

'చెల్లి పెళ్లి ఎలా' అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. అది చిన్న ప్రశ్న కాదు. మన మధ్యతరగతిలో నిజమైన భయమే. కానీ బిడ్డను పంపేస్తే చెల్లి పెళ్లి అవుతుందేమో, ఆ బిడ్డకు మాత్రం చదువు, ఉద్యోగం, మందు మూడూ ఒకేసారి పోతాయి. పంపకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు ఈ ఊళ్లోనే పెరుగుతున్నాయి. డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగానికి 44 మంది ట్రాన్స్‌జెండర్లు ఎంపికయ్యారు. రేపు సిగ్నల్ దగ్గర మీ బండిని ఆపేది వాళ్లలో ఒకరు కావచ్చు. నిద్ర పట్టకపోవడం, చనిపోవాలన్న మాటలు మీ బిడ్డ నోట వింటే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. మీ దిగులు చెప్పుకోవడానికి కూడా.

మందు మొదలుపెట్టేముందు డాక్టరుతో మాట్లాడాల్సిన సంగతి ఇంకొకటి. హార్మోన్లతో వీర్యకణాలు తగ్గిపోతాయి, ఆపేసినా తిరిగి రావన్న హామీ ఉండదు. తర్వాత సొంత బిడ్డ కావాలనుకునే ఆలోచన ఉంటే ముందే వీర్యం భద్రపరచుకోవాలి. ఆపరేషన్ అయ్యాక కూడా ప్రోస్టేట్ గ్రంథి శరీరంలోనే ఉంటుంది, దాన్ని తీయరు. వయసు మళ్లాక మూత్రం ఇబ్బంది వస్తే కార్డు మీద 'స్త్రీ' అని ఉన్నా ఆ సంగతి యూరాలజిస్టుకు చెప్పాలి. కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ వాడినవాళ్లు రొమ్ములో గడ్డ తగిలితే, అందరు ఆడవాళ్లలాగే, చూపించుకోవాలి.