పెట్టె అడుగున పాత బిళ్లలు



పాత వస్తువులను కూడబెట్టే సరదా లోకమంతటా ఉన్నది. అమెరికా దేశములో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసిన చిన్న అట్టముక్కలను ఒకప్పుడు సిగరెట్టు పెట్టెలలో ఊరకే పెట్టి ఇచ్చేవారు. 1909, 1911 సంవత్సరముల మధ్య వచ్చిన అట్టలలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి బొమ్మ ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైనది. ఈ కబురు అన్ని పత్రికలకూ ఎక్కినది. అయితే ఆ వరుసలోనే అచ్చయిన ఇతర ఆటగాళ్ల అట్టలు, కాస్త నలిగినవి, కొన్ని పదుల డాలర్లకే దొరుకుతాయి. ఈ సంగతి ఏ పత్రికా రాయదు. అందుకే చాలామంది పాతదంటే చాలు, లక్షలే అనుకుంటారు.

మన పల్లెటూళ్లలో అట్టముక్కలు లేవు గాని పాత నాణెములున్నవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంటి ప్రార్థనలకు వెళ్లినప్పుడు పెద్దవారి పెట్టెల అడుగున, బియ్యపు కుండల పక్కన, గుడ్డమూటలలో మేము చూస్తున్నవి ఇవే. రాగి కానీలు, చిల్లుకానీలు, రాణిగారి తల ఉన్న వెండి రూపాయలు. ఈ నెల వాటిని గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము. ఎందుకంటే వీటి పేరు చెప్పి మన అమాయకులను దోచుకొనే వారు బయలుదేరినారు.

మొదట లెక్క తెలియాలి. ఆ రోజుల్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు. అంటే రూపాయికి 64 కానీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు అనే లెక్క వచ్చినది. నాలుగణాలకు సరిగ్గా 25 పైసలు గనుక పావలా అనే పేరు చెరిగిపోలేదు. 1964లో ‘నయా’ అనే మాట పోయి పైసలు మిగిలినవి. 2011 జూన్ 30తో 25 పైసలకూ, అంతకు తక్కువ బిళ్లలకూ చెలామణి ఆగిపోయినది. మన చిన్నపిల్లలకు పావలా అంటే ఏమిటో తెలియదు.

ఇక ఆ బిళ్లల సంగతి. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టినది. అంతకు ముందు మన ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉండి కాసులతో లెక్కపెట్టేది. 1808 సంవత్సరము వేసిన కంపెనీ కాసులు ఇంగ్లండులోని బర్మింగ్‌హాము పట్టణములో అచ్చయినవి. వాటిని మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరము దాటకముందే ఇసుకమేటలలో మునిగినది. 1980లలో ఆ కాసులను లక్షల సంఖ్యలో పైకి తీసినారు. రెండు వందల ఏండ్లు దాటిన నాణెమైనా ఆ కారణము చేతనే అది నేటికీ చవక.

1862 సంవత్సరము ఉన్న విక్టోరియా రాణి రూపాయి మరొకటి. అదే సంవత్సరముతో దానిని చాలా ఏండ్లపాటు అచ్చువేస్తూ వచ్చినారు గనుక ఎక్కడ చూసినా దొరుకుతుంది. దానికన్నా ఎంతో తరువాతి దైన 1939 నాటి ఆరవ జార్జి రూపాయి మాత్రము బహు అరుదు. అరుదు గనుకనే దానికి నకిలీలు కూడా ఉన్నవి. కాబట్టి వయస్సును చూసి ధర కట్టరాదు. ఎన్ని మిగిలినవి, ఎంత బాగున్నవి, కోరేవారు ఎందరు, ఈ మూడే ధరను నిర్ణయిస్తాయి.

చిల్లుకానీ కథ మన ఇళ్లలో అందరికీ తెలియవలసినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో లోహమునకు కరువు వచ్చినది. అందుచేత 1943 నుండి 1947 వరకు కానీని నడుమ పెద్ద చిల్లుతో, ఒకవైపు కిరీటము గుర్తుతో వేసినారు. పెద్దలు దానిని పసిపిల్లల మొలతాడుకు కట్టేవారు. ‘చిల్లుకానీకి కొరగాడు’ అనే తిట్టు కూడా మన నోట మిగిలినది. స్వతంత్రము వచ్చిన తరువాత 1950లో రాజుల తలలు పోయి అశోకుని సింహములు వచ్చినవి. ఆనాటి పైసా మీద గుర్రము, అణా మీద ఎద్దు ఉంటాయి. ఇవన్నీ ఇప్పటికీ మామూలు మనిషి కొనుక్కోగలిగినవే. అరిగిన రాగి కానీలు కొన్ని పదుల రూపాయలకే దొరుకుతాయి.

మన జిల్లాల ఇళ్లలో సముద్రము దాటి వచ్చిన డబ్బు కూడా కనబడుతుంది. మన తాతలు ఎందరో కూలికి రంగూను వెళ్లినారు, కొందరు మలయాకు వెళ్లినారు. మలయా నుండి వచ్చిన నలుచదరపు రాగి సెంటు బిళ్లను చూసి పిల్లలు ఆశ్చర్యపడతారు. 1942లో జపానువారు బర్మాను పట్టుకొన్నప్పుడు లక్షలాది మనవాళ్లు పారిపోయి వచ్చినారు. అడవుల వెంట కాలినడకన వచ్చిన వారిలో వేలమంది దారిలోనే మరణించినారు. జపానువారు అక్కడ వేసిన రూపాయి నోట్లు 1945లో వారు ఓడిపోయిన తరువాత చిత్తు కాగితములైనవి. ఈనాడు సేకరించేవారికి అవి బహు చవకగా దొరుకుతాయి. అయితే మీ ముత్తాతగారు జేబులో పెట్టుకొని తెచ్చిన నోటు మీ ఇంట ఉన్న యెడల అంగడిలోని నోటు దానికి సాటి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మా పరిధిలోని ఒక పల్లెలో కూలిపనికి వెళ్లే ఒక తల్లి మా వద్దకు వచ్చి, ‘అయ్యగారూ, ఈ పావలాకి ఐదు లచ్చలిత్తారటండి. ఫోనులో బొమ్మ ఏసి సూపించినారండి. నిజిమేనాండి?’ అని అడిగినది. ఖడ్గమృగము బొమ్మ ఉన్న మామూలు 25 పైసల బిళ్ల అది. ఆమె కుమారుడు అప్పటికే ‘రిజిస్ట్రేషను’ అని కొంత, ‘పన్ను’ అని కొంత పంపినాడు. ఇంకొంచెము పంపితే సొమ్ము ఇంటికే వస్తుందని అవతలివాడు చెప్పినాడట. పంపిన డబ్బు చెల్లెలి కాలేజీ ఫీజుకు దాచినది. అది తిరిగి రాలేదు. ఆ పిల్ల ఒక నెల ఇంటి వద్దనే ఉండిపోయినది. తరువాత సంఘములోని వారు తలా కొంత వేసుకొని ఫీజు కట్టినారు.

ఇటువంటి మోసములు ఎక్కువైనందుననే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4వ తేదీన ప్రజలను హెచ్చరించినది. పాత నోట్లు, నాణెములు కొనుట అమ్ముట అనే వ్యవహారముతో తమకు సంబంధము లేదనీ, అందుకు ఏ రుసుమూ కమీషనూ తాము అడగమనీ, తమ పేరుతో వసూలు చేయుటకు ఎవరికీ అధికారము ఇవ్వలేదనీ స్పష్టము చేసినది. ఒక్క మాట గుర్తుంచుకోండి. నిజముగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు. మీ వద్ద ముందు డబ్బు అడిగేవాడు కొనేవాడు కాడు. ఎవరైనా మోసపోయిన యెడల సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి చెప్పవలెను. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశము అంత ఎక్కువ.

రెండవ నష్టము దీనికి తలకిందులు. అవసరము వచ్చినప్పుడు వెండి రూపాయలను ఎంతకంటే అంతకు ఇచ్చివేయుట. పాత రూపాయి ఒక తులము తూగేది, అంటే 11 గ్రాముల 66 సెంటీగ్రాములు. 1939 వరకు వేసిన రూపాయలో నూటికి సుమారు 92 పాళ్లు వెండి. 1940 నుండి సగము పాలే. 1946, 47 రూపాయలలో వెండి అసలే లేదు, అవి నికెలు. కాబట్టి అమ్మక తప్పనప్పుడు సంవత్సరము చూడండి, ఆనాటి వెండి ధర తెలుసుకోండి, రెండు మూడు దుకాణములలో అడగండి, రశీదు తీసుకోండి. అవసరము కోసము అమ్ముకొనుట తప్పు కాదు. తెలియక పోగొట్టుకొనుటే బాధ.

మూడవది శుభ్రము చేయుట. మన ఆడపడుచులు ఇత్తడి చెంబును తోమినట్లే పాత బిళ్లను కూడా చింతపండుతోనో ఇటుక పొడితోనో తళతళలాడేటట్లు తోముతారు. సేకరించేవారు అటువంటి బిళ్లను చూసి పెదవి విరుస్తారు. రాగి మీద ఏండ్ల తరబడి పట్టిన గోధుమరంగు పొర దానికి అందము, రక్షణ కూడా. తోమితే ఆ పొరతోపాటు అక్షరములూ అరుగుతాయి. మట్టి ఉంటే మంచినీళ్లలో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, బాగా ఆరనివ్వండి. మనది ఉప్పుగాలి తగిలే ప్రాంతము గనుక తడి ఉంటే పచ్చని చిలుము పడుతుంది. ప్లాస్టిక్ సంచులు వద్దు. పొడి కాగితపు కవరులో ఒక్కొక్కటిగా ఉంచండి.

నేలలో దొరికిన దానికి చట్టము వేరు. ముఖలింగము గాంగ రాజుల నగరము. నంది బొమ్మ ఉన్న వారి చిన్న బంగారు ఫణములు అర గ్రాముకు అటూ ఇటూగా తూగేవి. అటువంటివి గాని మరి ఏవైనా గాని దున్నేటప్పుడు, పునాది తవ్వేటప్పుడు బయటపడి, వాటి విలువ 10 రూపాయలకు మించిన యెడల కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిధుల చట్టము చెబుతున్నది. దాచిపెడితే శిక్ష ఉన్నది.

పిల్లలకు ఈ సరదా నేర్పాలంటే ఖర్చే అక్కరలేదు. దుకాణములో వచ్చిన చిల్లరతో మొదలుపెట్టవచ్చును. సంవత్సరము కింద నక్షత్రము గుర్తు ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో అచ్చయినది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది, చుక్క ఉంటే నోయిడాది. ఆ తరువాత రాజుకొక కానీ చొప్పున నాలుగు కానీలు కూర్చితే విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి, ఆరవ జార్జి, నలుగురూ అరచేతిలో ఉంటారు. నూరేండ్ల చరిత్ర పాఠము అది. సండేస్కూలు ఉపాధ్యాయులకు మరొక మాట. బీద విధవరాలు కానుక పెట్టెలో వేసినటువంటి చిన్న కంచు కాసులు, అలెగ్జాండర్ జన్నేయుస్ అనే యూదుల రాజు క్రీస్తు పూర్వము 103, 76 సంవత్సరముల మధ్య వేయించినవి, ఈనాటికీ వేల సంఖ్యలో దొరుకుతున్నవి. ఎంతో పాతవైనా అవి ధనవంతుల వస్తువులు కావు. ఆనాడూ బీదల చేతి నాణెములే, ఈనాడు కూడా సామాన్యులు కొనగలిగినవే.

చివరిగా ఒక చిన్న పని చెబుతాము. ఈ వారములోనే మీ ఇంటి పెద్దవారిని కూర్చోబెట్టి మూట విప్పించండి. ప్రతి బిళ్లకూ ఒక కాగితము ముక్క పెట్టి, అది ఎవరిది, ఎక్కడ నుండి వచ్చినది, ఎందుకు దాచినారు అనేది వారు చెప్పినట్లే పిల్లల చేత రాయించండి. అత్తగారు పెండ్లినాడు ఇచ్చిన రూపాయా, రంగూను కూలి డబ్బా, చనిపోయిన బిడ్డ మొలతాడుకు ఉన్న చిల్లుకానీయా, అది ఆ ముసలితల్లికి మాత్రమే తెలుసు. ఆమె ఉండగానే అడగండి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక.