పొగని ముందు అడగండి, ఇంజన్ తర్వాత విప్పండి

మా నాన్నగారిది 2004 మోడల్ మారుతి 800. ఆయన కొనుక్కున్న మొదటి కారు అదే, బహుశా ఆఖరిది కూడా అదే. గత సంక్రాంతి సెలవులకి నర్సీపట్నం వెళ్లేసరికి దాని సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తోంది. నాన్న గుమ్మంలో నిలబడి, "మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, ఏటిరా ఇది?" అని అడిగారు.

అర నిమిషం కూడా ఆలోచించకుండా చెప్పేశాను. "పిస్టన్ రింగులు పోయాయి నాన్నా. ఇంజన్ బోర్‌కి వచ్చింది. దించాల్సిందే."

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, ఆయిల్ కాలుతోందంటే రింగులు అరిగాయి. పరీక్షలో ఈ ముక్క రాస్తే రెండు మార్కులు పడతాయి. ఇంట్లో దీని ఖరీదు వేరు. ఒక గ్యారేజీలో అడిగితే ఇంజన్ పనికి 28 వేలు అన్నారు. పాత ఇనుము కొనే అతను దానికి కొంచెం అటూ ఇటూగా ఇస్తానన్నాడు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి తప్పు చెప్పడని నాన్న నమ్మేశారు. కారు అమ్మేద్దామని నిర్ణయానికి వచ్చేశారు. ఆ రెండు రోజులు ఆయన కారు తుడవడం కూడా మానేశారు.

మూడో రోజు మా మావయ్య ఊరి చివర ఒక పాత మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లారు. ఆ పెద్దాయన బానెట్ ఎత్తనే లేదు. మూడు ప్రశ్నలు వేశారు. "పొగ ఎప్పుడొస్తంది బాబూ? పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడా, ఎత్తు ఎక్కినప్పుడా, దిగినప్పుడా? ఎంతసేపుంటంది? ఎన్ని కిలోమీటర్లకి ఎంత ఆయిల్ పోస్తన్నారు?"

నేను నాన్న వైపు చూశాను, నాన్న నా వైపు చూశారు. రోగం పేరు చెప్పేసిన నాకు ఒక్క లక్షణం కూడా సరిగ్గా తెలియదు. సిగ్గేసింది.

ఈ వ్యాసం ఆ సిగ్గు గురించే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన చదువు మనకి జవాబులు నేర్పుతోంది, జవాబుకి ముందు అడగాల్సిన ప్రశ్నలు నేర్పడం లేదు. పాత కారు పొగ దానికి మంచి ఉదాహరణ.

పొగకి రంగు ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. నలుపైతే పెట్రోల్ ఎక్కువై, గాలి చాలక సరిగ్గా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, పాత కార్బురేటర్ బండి అయితే చోక్ ఇరుక్కుందా, ఎంపీఎఫ్ఐ అయితే సెన్సార్ తప్పు చెప్తోందా, ఇంజెక్టర్ కారుతోందా అని చూడాలి. స్పార్క్ ప్లగ్ విప్పితే పొడి మసి కనిపిస్తుంది. దట్టమైన తెల్ల పొగ ఇంజన్ వేడెక్కినా ఆగకుండా వస్తూ, కొంచెం తియ్యటి వాసన వేస్తే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా, ఆయిల్ మజ్జిగలా తెల్లబడిందా చూస్తే హెడ్ గ్యాస్కెట్ సంగతి తెలుస్తుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తియ్యకండి.

నీలం అయితే ఆయిల్. అక్కడి వరకు నేను చెప్పింది కరెక్టే. కానీ ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్లడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. కింద నుంచి రింగులు దాటి రావచ్చు, లేదా పైన హెడ్‌లోంచి వాల్వ్ కాడ వెంట దిగవచ్చు. మొదటిదైతే ఇంజన్ దించాలి. రెండోదైతే వాల్వ్ సీల్స్ మారిస్తే చాలు. రెండింటికీ రంగు ఒకటే, తేడా అంతా అది ఎప్పుడొస్తుందన్న దానిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే స్టార్ట్ చేసి చూశాం. భుస్సుమని నీలం పొగ వచ్చి, నిమిషంలో పోయింది. తర్వాత నాన్నా నేనూ లంబసింగి ఘాట్ ఎక్కాం. ఎక్కుతున్నంతసేపూ నేను అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాను, పొగ పెద్దగా లేదు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి దిగాం. కింద చదును రోడ్డు మీద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం మబ్బు లేచింది.

కారణం మనం చదువుకున్నదే. కాలు తీసేస్తే థ్రాటిల్ మూసుకుంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పెరుగుతుంది. గట్టిపడిపోయిన సీల్ పక్క నుంచి ఆ వాక్యూమ్ ఆయిల్‌ని లోపలికి లాగుతుంది. మళ్లీ తొక్కగానే అదంతా ఒక్కసారిగా కాలుతుంది. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఆయిల్ అదే దారిలో మెల్లగా దిగి, పొద్దున్న మొదటి పొగగా బయటికొస్తుంది. రింగులు బాగా అరిగి ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు, లోడ్ పడినప్పుడు ఆగకుండా పొగ రావాలి.

మూడో ప్రశ్నకి జవాబు ఇంట్లోనే దొరికింది. నాన్న పెట్రోల్ పోయించిన ప్రతిసారీ చిన్న నోట్‌బుక్‌లో రాస్తారు. మేం దాన్ని చూసి నవ్వేవాళ్లం. అందులో పెట్రోల్ లెక్కల మధ్య "ఆయిల్ అర లీటరు" అని తేదీతో, కిలోమీటర్లతో సహా ఉంది. వెయ్యి దాటాక ఒకసారి పోస్తున్నారు. నేను చెయ్యని డేటా కలెక్షన్ మా నాన్న చేసి పెట్టారు.

అయినా ఆ పెద్దాయన అక్కడితో తేల్చలేదు. కంప్రెషన్ గేజ్ పెట్టారు. మూడు సిలిండర్ల రీడింగూ దాదాపు ఒకటే. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశారు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందుని కాసేపు మూసి రీడింగ్ బాగా పెంచేది. పెద్దగా పెరగలేదు. అప్పుడు చెప్పారు, "హెడ్ దించితే సరిపోద్ది." ఆరు వాల్వులకి ఆరు సీల్స్, ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత. పాతవి నా చేతిలో పెట్టారు. రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిపడిపోయింది. ఇరవై ఏళ్ల వేడికి ఏ రబ్బరైనా అంతే. గ్యాస్కెట్, కూలీ అన్నీ కలిపి ఆరు వేల లోపు అయింది.

"ఇంత పాత బండిని బాగు చేయించడం దేనికి, కాలుష్యం కదా" అని మీరు అడగొచ్చు. పొగ కక్కే బండిని అలాగే తిప్పమని నేను అనడం లేదు. కాలిన ఆయిల్ మన ఊపిరితిత్తులకీ చెడ్డదే, కెటలిటిక్ కన్వర్టర్‌కీ చెడ్డదే. మా కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. పెట్రోల్ కారుకి ఆ పరీక్షలో ఐడిల్ మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. పొద్దున్న ఒక్క నిమిషం, ఘాట్ కింద ఒక్కసారి వచ్చే పొగ అక్కడ కనబడదు. బండిని తుక్కుకి పంపాలన్నా, ఉంచాలన్నా ముందు రోగం తెలియాలి. నేను తెలుసుకోకుండానే తీర్పు ఇచ్చేశాను.

"రేపు అన్నీ ఎలక్ట్రిక్ బండ్లే" అనే వాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి. బ్యాటరీ రేంజ్ తగ్గిందని ఎవరో వచ్చినప్పుడు కూడా అడగాల్సింది అదే. ఎప్పుడు తగ్గుతోంది, ఎంత, ఏ పరిస్థితిలో?

మన ల్యాబ్‌లో కట్ సెక్షన్ ఇంజన్ ఉంది. ఎరుపూ నీలం రంగులేసి, హ్యాండిల్ తిప్పితే వాల్వులు కదులుతాయి. దానికి ఎప్పుడూ ఏ రోగమూ రాదు. లోడ్ టెస్ట్ రీడింగులు సీనియర్ల రికార్డులో రెడీగా ఉంటాయి. మన క్లబ్ తరఫున, మెకానికల్ మిత్రుల తరఫున ఒకటే కోరుతున్నాను. ఒక పాత ఇంజన్ కొని ల్యాబ్‌లో పెట్టండి. అందులో ఏదో ఒక లోపం పెట్టి మాకివ్వండి. ఏం చూశాం, ఏది అనుమానించాం, దాన్ని ఎలా కొట్టిపారేశాం అని రాయమనండి. చివరి జవాబుకి సగం మార్కులే వెయ్యండి, మిగతా సగం దారికి వెయ్యండి.

పోయిన వారం నాన్న ఫోన్ చేశారు. "మళ్లీ పొగొస్తందిరా."

"ఏ రంగు నాన్నా? ఎప్పుడు?"

"తెలుపు. పొద్దున్నే చలికి. రెండు నిమిషాల్లో పోయింది."

లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. చల్లటి సైలెన్సర్‌లో అదే ఆవిరై కనబడుతుంది. కూలెంట్ తగ్గిందేమో చూడమన్నాను. తగ్గలేదన్నారు. అప్పుడు చెప్పాను, "ఏం లేదు నాన్నా, తిరగండి."