అద్దే చేతులకూ ఆ బట్టలు చూపించండి

జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ మ్యూజియం, ద టెక్స్‌టైల్ మ్యూజియం నిర్వాహకులకు,
వాషింగ్టన్ డి.సి.



ఈ ఉత్తరం మీకు ఇంగ్లీషులోనూ పంపుతున్నాను. తెలుగులో అచ్చు వేయించడానికి కారణం ఉంది. ఇందులో సగం మాటలు మీతో చెప్పుకోవలసినవి. మిగతా సగం మీ మ్యూజియానికి గంట దూరంలో కాపురాలుంటున్న మా తెలుగువాళ్ళతో చెప్పవలసినవి.

నేను బందరు ప్రాంతం మనిషిని. కలంకారీ అద్దకం పని జరిగే పెడన మాకు కూతవేటు దూరం. మా అమ్మాయి కుటుంబం వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటుంది. మీ సేకరణను భద్రపరిచే కేంద్రం కూడా విశ్వవిద్యాలయం వారి ఆష్‌బర్న్ ప్రాంగణంలోనే ఉందని తెలిసినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలని నా మనసులో ఉంది.

ముందుగా, మీకు రుణపడి ఉన్నాం అన్న మాట చెప్పాలి. జార్జ్ హ్యూవిట్ మైయర్స్ 1925లో వాషింగ్టన్‌లోని తన ఇంటిని ఆనుకుని మొదలుపెట్టినప్పుడు మీ దగ్గర ఉన్నవి 275 తివాచీలు, 60 బట్టలు. ఇవాళ ఆ సంఖ్య ఇరవై వేలు దాటింది. 2015లో విశ్వవిద్యాలయం నీడలోకి వచ్చాక మీ తలుపులు విద్యార్థులకు మరింత బాగా తెరుచుకున్నాయి. 2018లో లాయిడ్ కాట్సెన్ సేకరణ నుంచి దాదాపు నాలుగు వేల బట్ట ముక్కలు మీకు చేరాయి. చిరిగిన ముక్కను కూడా చదవదగిన పుస్తకంలా దాచే ఓపిక మీది. మా ఇళ్ళలో పాత చీర బొంత అవుతుంది, పక్కగుడ్డ అవుతుంది, చివరికి మసిగుడ్డ అవుతుంది. మా వాళ్ళు నేసి, అద్ది, ఓడలకెక్కించిన బట్టల్లో మిగిలినవి చాలావరకు పరాయి దేశాల్లో మీలాంటి వాళ్ళు దాచబట్టే మిగిలాయి.

ఇంకో రుణం 1982 నాటిది. ఆ ఏడు మీ పరిశోధకురాలు మాటీబెల్ గిటింగర్ ‘మాస్టర్ డయర్స్ టు ద వరల్డ్’ పేరుతో భారతదేశపు రంగుల అద్దకం మీద ప్రదర్శన పెట్టి, అదే పేరుతో పుస్తకం తెచ్చారు. లోకానికి చెరగని రంగు నేర్పినవాళ్ళు మన అద్దకపువాళ్ళేనని ఆ పుస్తకం పేరులోనే ఉంది. 2022లో కరుణ్ ఠాకర్ అనే సేకరణకర్త బట్టలతో వెయ్యేళ్ళ భారతీయ వస్త్రకళను మళ్ళీ చూపించారు. ఇంత చేసినవాళ్ళు గనుకే ఇంకొంత చేయమని అడగడానికి నాకు ధైర్యం వచ్చింది.

నేను అడుగుతున్నది ఒక్కటే. ఈ బట్టల గురించి మీరు మాట్లాడే చోట ఇప్పటికీ ఆ పని చేస్తున్నవాళ్ళు కూడా ఉండాలి.

పెడనలో పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్తాను. గంజి వదిలించిన నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. గేదె పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయ లేకపోతే రంగు నిలవదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ నీళ్ళను టేకు అచ్చుతో బట్ట మీద అద్దుతారు. కరక్కాయ తగిలిన చోట అది నల్లగా తిరుగుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. పారే కాలువలో జాడించి, రాగి కాగులో రంగునిచ్చే వేరూ ఆకూ వేసి ఉడికిస్తే పటిక తగిలినంత మేరా ఎరుపు పైకి తేలుతుంది. పటిక తగలని చోట ఎరుపు నిలవదు. కలంకారీకి ఇంకో కేంద్రమైన శ్రీకాళహస్తిలో అచ్చు ఉండదు. వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టిన కలంతో గీస్తారు. ముందుగా చింత బొగ్గుతో బొమ్మ వేసుకుంటారు.

పాత రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణ సముద్రంలో కలిసే చోట, నిజాంపట్నం వైపు ఇసుక నేలల్లో తవ్విన చిరివేరు రంగుకు ఎక్కువ గిరాకీ. 1611లో ఇంగ్లీషువాళ్ళు, అంతకు కొద్ది ఏళ్ళ ముందే డచ్చివాళ్ళు బందరులో దిగి కొట్లు పెట్టుకోవడానికి ఈ ఎరుపూ ఒక కారణం. విలియం రాక్స్‌బర్గ్ 1795లో మొదలుపెట్టి అచ్చువేసిన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరుకూ చోటుంది. ఈ బట్టల మోజు తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు చట్టాలు చేసి మరీ అడ్డుకున్నాయి. ఈ చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు.

మీకు తెలియకపోవడానికి అవకాశం ఉన్నదీ, పెడన మనిషికి తెలిసినదీ ఇంకొకటి ఉంది. పాత కోరమాండల్ అద్దకాల్లో చాలాచోట్ల నల్ల గీత వెంబడే బట్ట చిల్లులు పడి ఉంటుంది. ఇనుము నూలును తినేయడం వల్ల అలా అవుతుందని భద్రపరిచే నిపుణులు చెప్తారు. ఇది మా అద్దకపువాళ్ళకు రోజూ ఉండే బెంగ. బెల్లం మోతాదు తప్పినా, నల్లనీళ్ళు మరీ ముదిరినా, అద్దాక సరిగా ఉతకకపోయినా బట్ట ఆ గీత దగ్గరే చిరుగుతుంది. ఏ ముదురు దగ్గర ఆపాలో వాళ్ళు వాసన చూసి, వేలితో తాకి చెప్తారు. మీ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషీ, పెడనలో కుండ ముందు కూర్చున్న మనిషీ ఒకే సమస్యను రెండు వైపుల నుంచి చూస్తున్నారు. వీళ్ళిద్దరినీ కలిపే పని విశ్వవిద్యాలయానిది.

ఆకుల సంగతీ అంతే. పాత అద్దకాల్లో పూలు ఎర్రగా ఉంటాయి, ఆకులు మాత్రం నీలంగా ఉంటాయి. చూడడానికి వచ్చిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఆకు మొదట నీలం కాదు. నీలిమందు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించారు. పసుపు వెలుగుకు ఆగదు. వందల ఏళ్ళలో అది పోయి కింది నీలం మిగిలింది. ఈ జవాబు శ్రీకాళహస్తి కళాకారుడి నోట, కలం పట్టుకుని, పిల్లల కళ్ళ ముందే నీలం మీద పసుపు పూసి చూపిస్తే, బట్ట పక్కన పెట్టే ఏ వివరాల చీటీకీ రాని బలం దానికి వస్తుంది. ఏళ్ళ తరబడి మీరు జరుపుతూ వచ్చిన సెలబ్రేషన్ ఆఫ్ టెక్స్‌టైల్స్ వేడుక అలాంటి చోటు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి భారత ప్రభుత్వం 2008లో పద్మశ్రీ ఇచ్చింది. పిలవదగిన మనుషులు లేరనే ప్రశ్నే లేదు.

ఇక చీటీల గురించి. ప్రపంచంలో చాలా మ్యూజియాల్లో మా బట్టల కింద ‘కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం’ అని ఉంటుంది. ఏ ఊరిదో రుజువు లేనప్పుడు తీరం పేరు మాత్రమే రాయడం నిజాయితీ అని నేను ఒప్పుకుంటాను. బందరుదో, పులికాటుదో, నాగపట్నందో బట్ట తనంతట తాను చెప్పదు. అయితే కృష్ణ ముఖద్వారం నుంచి కాలిమేరు మొన దాకా ఉన్న ఆ తీరంలో రెండు భాషలవాళ్ళు, రకరకాల పనివాళ్ళు ఉన్నారు. ఒక్క తీరం పేరు కింద వాళ్ళంతా కనిపించకుండా పోతున్నారు. తెలిసినంత వరకైనా రాయండి: ఈ రంగుకు వేరు ఎక్కడ తవ్వేవారు, ఏ రేవులో ఓడకెక్కించేవారు, ఈ పని ఇవాళ ఏ ఊళ్ళో నడుస్తోంది. ప్రదర్శన చూసి బయటికి వెళ్ళే మనిషి ఇదంతా చచ్చిపోయిన విద్య అనుకోకూడదు. చీటీలో ఒక్క వాక్యం చాలు, ఆ అపోహ పోతుంది.

బట్టల ఫొటోలు మీరు వెబ్‌సైటులో పెడుతున్నారు. మంచిదే. వాటిలో నేను ప్రత్యేకంగా అడిగేది బట్ట వెనక వైపు. చూసేవాళ్ళకు ముందు వైపు చాలు, పనివాడికి వెనక వైపు కావాలి. రంగు ఎంత లోతుకు దిగిందో, పటిక ఎన్నిసార్లు అద్దారో, నీలం అంటకుండా పూసిన మైనం ఎక్కడ పగిలి ఆ రంగు లోపలికి పోయిందో వెనక చూస్తే తెలుస్తుంది. అంచు దగ్గర నేత చూస్తే ఎన్నో నంబరు నూలో తెలుస్తుంది. పక్కన కొలబద్ద పెట్టి, దారం దారం లెక్కపెట్టగలిగేంత పెద్ద ఫొటో ఉంటే పెడనలో అచ్చులు చెక్కేవాళ్ళు పాత అంచును మళ్ళీ చెక్కగలరు. ఇప్పుడు వాళ్ళకు దొరికేవి ఖరీదైన బొమ్మల పుస్తకాల్లోని నకళ్ళకు నకళ్ళు. ఈలోగా బజారులో స్క్రీన్ ప్రింటు బట్ట కలంకారీ పేరుతో, పావు వంతు కష్టంతో తయారై అమ్ముడుపోతోంది. అసలు పనికీ నకలుకీ తేడా కొనేవాళ్ళకు తెలియాలంటే అసలుది ఎలా ఉంటుందో దగ్గరగా చూపించాలి. ఆ చూపించగలిగే స్థానంలో మీరున్నారు.

మీ బట్టలు వెలుగులో ఎక్కువ కాలం ఉండకూడదని నాకు తెలుసు. కొన్ని నెలలు మసక వెలుతురులో చూపించి, మళ్ళీ ఏళ్ళపాటు చీకట్లో విశ్రాంతి ఇస్తారు. అందుకే చూపించే ఆ కొద్ది నెలలూ ఎవరికి చూపిస్తున్నామన్నది ముఖ్యం.

ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్, షాంటిలీ. ఈ ఊళ్ళలో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. శని, ఆదివారాల్లో తెలుగు నేర్పే మనబడి లాంటి తరగతుల్లో పిల్లలు గుణింతాలు దిద్దుతున్నారు. వాళ్ళ తాతముత్తాతల ఊళ్ళ బట్టలను భద్రపరిచే భవనం వాళ్ళ బడికి కొద్ది మైళ్ళ దూరంలో ఉంది. ఆ పిల్లలకు గానీ, వాళ్ళ తల్లిదండ్రులకు గానీ ఆ సంగతి తెలియదు. ఏడాదికి ఒక్కసారి, ముందుగా చెప్పి, పదిమంది పిల్లల చొప్పున లోపలికి రానిచ్చి ఒక్క బట్టను చూపించండి. తాకనివ్వనక్కర్లేదు. పెడన నుంచి తెప్పించిన కొత్త బట్ట పక్కన పెట్టి దాన్ని తాకనివ్వండి.

అమెరికాలో విశ్వవిద్యాలయాల వస్త్ర సేకరణలు పుట్టిందే చదువు చెప్పడానికి. కార్నెల్‌లో బ్యూలా బ్లాక్‌మోర్ 1915లో దుస్తుల పాఠాలు చెప్పడానికి వచ్చి పోగుచేయడం మొదలుపెట్టారు. విస్కాన్సిన్‌లో హెలెన్ లూయిస్ అలెన్ అనే అధ్యాపకురాలు తన జీవితకాలపు సేకరణను విశ్వవిద్యాలయానికే వదిలి వెళ్ళారు. మీదీ ఇప్పుడు విశ్వవిద్యాలయమే. పాఠం వినేవాళ్ళలో ఇరుగుపొరుగును కూడా లెక్కవేయమని నా మనవి.

మా వైపు నుంచి ఇవ్వవలసినదీ ఉంది. 1965 వలస చట్టం తరవాత అమెరికా చేరిన తొలితరం తెలుగు ఆడవాళ్ళ పెట్టెల్లో ఆనాటి గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి చీరలు ఇంకా ఉన్నాయి. కొందరి దగ్గర చీరాల వైపు నేసిన తేలియా రుమాళ్ళూ ఉండి ఉంటాయి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి రంగు వేసే ఆ విద్య ఇప్పుడు పుట్టపాకలో కొద్ది కుటుంబాల చేతుల్లోనే మిగిలింది. ఆ పెట్టెలున్న తల్లులు పెద్దవాళ్ళవుతున్నారు. వాళ్ళు పోతే చీరలు పాత బట్టలు తీసుకునే గుడ్‌విల్ దుకాణాల సంచుల్లోకి వెళ్తాయి. మీ సేకరణ నియమాల్లో ఇవి ఇముడుతాయో లేదో మీరు తేల్చాలి. ఇమడకపోయినా శనివారం ఉదయాల్లో సేకరణకర్తలు తమ బట్టలు తెచ్చి చూపించే కార్యక్రమం మీకుంది. ఒక శనివారం తెలుగు అమ్మమ్మలకు ఇవ్వండి. ఎవరు నేశారు, ఎంత పెట్టి కొన్నారు, ఏ పెళ్ళికి కట్టారు, ఏ చలికాలంలో కోటు కింద కట్టుకుని వెళ్ళారు అన్నవి వాళ్ళు చెప్తుంటే రాసుకోండి, ఫొటో తీసుకోండి.

వర్జీనియా, మేరీలాండ్ తెలుగువాళ్ళకు ఒక మాట. మ్యూజియం పిలుస్తుందని మీరు, జనం వస్తారని మ్యూజియం అలా కూర్చుంటే ఇంకో ఇరవై ఏళ్ళు గడిచిపోతాయి. మీ సంఘాల సంక్రాంతి వేడుకల ఖర్చులో కొంత మిగిల్చినా పెడన నుంచి ఒక అద్దకం కళాకారుడికి విమాన టికెట్టు వస్తుంది. సంఘం తరఫున మ్యూజియం విద్యావిభాగానికి ఒక ఉత్తరం రాయండి. అచ్చయిన ఈ ఉత్తరాన్ని కత్తిరించి దానికి జతచేసినా సరే.

మ్యూజియం వారికి చివరి విన్నపం. పెద్ద ప్రదర్శనకు ఏళ్ళు పడుతుంది, డబ్బు కావాలి, నాకు తెలుసు. ముందు ఒక్క బట్టతో మొదలుపెట్టండి. మీ దగ్గరున్న కోరమాండల్ అద్దకాల్లో ఒకదాన్ని ఎంచి, ముందు వెనక ఫొటోలు తీసి, కొలతలతో సహా పెడనకూ శ్రీకాళహస్తికీ పంపండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ పేర్లతోనే మీ రికార్డులో చేర్చండి.

ఇట్లు,
కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు