బూటు సైజు కాదు... బరువెంత?

దమ్ము చేసిన వరిచేలో నడిచినవాళ్లకు తెలుసు, ప్రతి అడుగూ దిగబడుతుంటే ప్రాణం ఎలా ఉసూరుమంటుందో! అమెరికాలోని మిన్నెసోటా, వెర్మాంట్‌, కొలరాడోల్లో చలికాలం అడవిబాట పట్టినవాళ్లదీ అదే అవస్థ. బురదకు బదులు మోకాలి లోతు మంచు, అంతే. అడుగడుక్కీ కాలు పైకి లాక్కుంటుంటే ఒళ్లంతా చెమట. కాసేపు ఆగితే ఆ తడిబట్టలే మంచుముద్దలై ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే బూట్ల కింద స్నోషూలు కట్టుకుంటారు. ఒకప్పుడు అక్కడి ఆదివాసులు కర్రను వంచి, పచ్చితోలు పట్టీలు అల్లి చేసుకునేవారు. ఇప్పుడు అల్యూమినియం, ప్లాస్టిక్‌ వచ్చాయి. కిటుకు మాత్రం పాతదే. బరువు ఎక్కువ చోటులో పరుచుకుంటే కాలు దిగబడదు.

దుకాణానికి వెళ్లి పాదం కొలత చెబితే లాభం లేదు. పట్టీలు బిగించుకుంటే ఏ బూటుకైనా ఇంచుమించు సరిపోతాయి. అక్కడ అడిగేది బరువు! అదీ పొద్దున్నే ఇంట్లో కాటా మీద చూసుకున్న బరువు కాదు. లావుపాటి కోటు, బూట్లు, నీళ్లూ తిండీ ఉన్న వీపుసంచీ అన్నీ కలిపి. 65 కిలోల మనిషి ఇట్టే 75 అవుతాడు. సుమారుగా 70 కిలోల వరకూ 22 అంగుళాలవి, 90 వరకూ 25, 110 వరకూ 30 అంగుళాలవి వాడతారు. అంతకు మించితే 36. కంపెనీని బట్టి లెక్క కాస్త మారుతుంది కాబట్టి దాని మీది పట్టిక చూడాల్సిందే.

‘ఎందుకైనా మంచిది, పెద్దదే తీసుకుందాం’ అనుకుంటే చిక్కే. పెద్దవాటితో కాళ్లు ఎడంగా వేయాలి, ఒకదాన్నొకటి తొక్కుకుని బోర్లా పడాలి! బరువు ఆపగలిగినవాటిలో చిన్నదే సుఖం. నలుగురూ నడిచి గట్టిపడిన బాటకు అది చాలు. రాత్రి కురిసిన మెత్తటి మంచులోకి దిగేట్టయితే మాత్రం ఒక సైజు పెంచాలి. కొన్నింటికి వెనకాల తోకల్లాంటి ముక్కలు విడిగా దొరుకుతాయి, కావాలన్నప్పుడు తగిలించుకోవచ్చు. ఆడవాళ్లకోసం సన్నగా చేసినవీ ఉన్నాయి.

ఇక పిల్లలు. ‘ఎదిగే వయసు కదా’ అని స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవి కొనే అలవాటు మనది. ఇక్కడది పనికిరాదు, పాపం వాళ్లు నాలుగడుగులు కూడా వేయలేరు. ఒకట్రెండు రోజుల సరదాకైతే కొనడమెందుకు? మంచు ఊళ్లలో అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. తీసుకునే ముందు చేతికి గ్లవ్స్‌ వేసుకునే పట్టీలు బిగించి, విప్పి చూడండి.