వంటయిల్లు: క్రిస్మసునకు మాల్వా పుడ్డింగు



మా పొరుగింటి క్రైస్తవ సోదరి కుమార్తె దక్షిణాఫ్రికాలోని డర్బనులో కాపురమున్నది. చెఱకుతోటలలో పనికై 1860వ సంవత్సరము మొదలు మదరాసునుండి ఓడలపై నేగిన మన తెలుగువారి సంతతి నేటికిని ఆ ప్రాంతమున గలదు. అచ్చట క్రిస్మసు నడివేసవిలో వచ్చును. అయినను పలువురు ఆనాటి విందు చివర మాల్వా పుడ్డింగు అను తీపివంటకమును వేడివేడిగానే వడ్డింతురు. "బిడ్డ పండుగకు రాలేకపోయినది. అది చేయు వంటయైనను నోట బెట్టుకొందును" అని ఆ తల్లి యడుగగా, నిరుడు మేమిరువురము గలసి దీనిని జేసితిమి.

కావలసినవి: మైదాపిండి 150 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, గ్రుడ్లు 2, ఆప్రికాటు (హైదరాబాదువారి ఖుబానీ) జాము పెద్ద చెంచాడు, వెన్న 30 గ్రాములు, పాలు 100 మిల్లీలీటర్లు, వంటసోడా, వెనిగరు చిన్న చెంచాడు చొప్పున, చిటికెడు ఉప్పు.

పాకమునకు: చిక్కని మీగడ 200 మిల్లీలీటర్లు, వెన్న 100 గ్రాములు, చక్కెర 100 గ్రాములు, వేడినీరు 100 మిల్లీలీటర్లు, వెనిలా కొంచెము.

చేయు విధము: గ్రుడ్లను చక్కెరతో తెల్లని నురుగు వచ్చువరకు గిలకొట్టి జాము కలుపవలెను. పిండి, సోడా, ఉప్పు చేర్చి జల్లించవలెను. కరగిన వెన్నలో పాలును వెనిగరును బోసి, దీనిని, పిండిని మార్చి మార్చి గ్రుడ్లలో కలుపవలెను. పులుపు సోకగానే సోడానుండి బొగ్గుపులుసుగాలి పుట్టి పిండి పొంగును, కావున ఆలసింపరాదు. వెన్న రాచిన 8 అంగుళముల లోతుపాత్రలో బోసి, ముందే కాగిన ఓవెనులో 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని 35 మొదలు 45 నిమిషము లుంచవలెను. నడుమ గ్రుచ్చిన పుల్లకు పిండి యంటకున్నచో పక్వమైనట్లే. ఈలోగా పాకపు వస్తువులను సన్ననిసెగపై కరగించి సిద్ధముగ నుంచుకొనవలెను.

మొదటిమారు మేము పుడ్డింగును చల్లార్చి పిదప పాకము బోసితిమి. అది యింకక, వెన్న పైననే పేరుకొనెను. ఆ తల్లి యేమియు ననలేదు గాని కన్నులు చెమ్మగిల్లెను. జిలేబీని వేడిమీదనే గదా పాకమున ముంచుదుము! ఆ మాట నాకు తోచనందుకు సిగ్గుపడితిని. రెండవమారు ఓవెనునుండి తీసిన తోడనే పుల్లతో అంతటను గ్రుచ్చి, వేడిపాకమును కొంచెము కొంచెముగ బోయగా, పావుగంటలో నంతయు పీల్చుకొనెను. పాకములో నాలుగవవంతు వడ్డన వేళకై దాచుకొనుడు.

ఆమె మొదటి చెంచా నోట బెట్టుకొని, "ఇదియే గాబోలు దాని చేతిరుచి" అనెను.